పన్నెండు పచ్చ చుక్కలు

చక్రాల కుర్చీల వర్క్‌షాపులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. అందరికీ చెకింగమ్మే. అక్కడ తయారైన ప్రతి కుర్చీ ఆమె గదిలోంచే బయటికి పోవాలి, వెనకాల ఆమె సంతకం ఉన్న చీటీ తగిలించుకుని మరీ పోవాలి. ఇంట్లో మాత్రం ఆమె పెద్దకోడలు. ఇల్లు ఎక్కడో కాదు, వర్క్‌షాపు నెత్తిమీదే. ఇరవై రెండు మెట్లెక్కితే వంటిల్లు, దిగితే వెల్డింగు పొగ. పాతికేళ్లుగా ఎక్కీ దిగీ ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. కింది మాటలు పైన, పైమాటలు కింద ఎత్తకూడదన్న నియమం మాత్రం ఆ ఇంట్లో ఒక్కరోజు కూడా నిలబడలేదు.

కుర్చీలు కట్టించేది ఆమె భర్త. ఏమడిగినా "చూద్దాం" అంటాడు కాబట్టి పనివాళ్లు చాటున ఆయన్ని చూద్దాంగారు అనుకుంటారు. ఆర్డర్లు తెచ్చేది మరిది. మనిషి మంచివాడు, నవ్వు ఇంకా మంచిది. ఎదుటివాళ్లకి కాదని చెప్పలేని జబ్బు ఒక్కటే ఉంది. మామగారు పోయేముందు ముగ్గురికీ పనులు పంచి పోయాడు: చేయడం పెద్దవాడిది, అమ్మడం చిన్నవాడిది, చూసి పంపడం కోడలిది. ఒకరి గీత ఒకరు దాటకూడదు. దాటితే అత్తగారు ఊరుకోదు.

ఆ నెల ఎనిమిదో తారీకు ఉదయం చెకింగమ్మ గది తలుపు తీసేసరికి నిదానం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన బ్రేకులు చూసే మనిషి. సిమెంటుతో కట్టిన ఏటవాలు మీద కుర్చీని నిలబెట్టి, అందులో మనిషి బరువుకు సరిపడా ఇసుక మూటలు పెట్టి, బ్రేకు వేసి, గడియారం పట్టుకుని ఐదు నిమిషాలు చూస్తాడు. కుర్చీ వెంట్రుకవాసి జారినా వెనక్కే. నాలుగు నిమిషాల యాభై సెకన్లకు పైనుంచి దేవుడు దిగొచ్చి చాలయ్యా అన్నా ఆయన వినడు. అందుకే ఆ పేరు.

"ఏంటి బాబాయి, పొద్దున్నే?"

"చిన్న సెలవు కావాలమ్మా. పన్నెండు సాయంత్రం బయల్దేరి వెళ్లి, పదమూడు ఉండి, పద్నాలుగు పొద్దున్నకి వచ్చేస్తా." చేతిలో గుడ్డని మడతలు పెడుతూ నిలబడ్డాడు. "మా అమ్మాయి సొంతంగా కుట్టు దుకాణం పెట్టుకుంటోంది. పదకొండేళ్లు ఎవరి దగ్గరో మిషను తొక్కింది. ఇప్పటికి తీరింది దాని ముచ్చట. నేనొచ్చి షట్టరు ఎత్తాలట. నా చేత్తోనే ఎత్తించాలని దాని పంతం."

"వెళ్లిరండి. ఇందుకు అడగాలా?"

"ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం పడుతూనే ఉంటుందిగా. దానికి బడిలో బహుమతి ఇచ్చిన రోజు నేనిక్కడే ఉన్నా. కాన్పు రోజు కూడా ఇక్కడే ఉన్నా, లారీ లోడు చేయిస్తున్నాను. ఈసారైనా వెళ్లాలి."

"ఈసారి మీరు వెళ్తున్నారు. నేను మాటిస్తున్నాగా," అంది చెకింగమ్మ. ఆయన మొహం వికసించింది. ఆ మాట ఎంత తేలిగ్గా ఇచ్చిందో తర్వాత తలుచుకుంటే ఆమెకే ఒళ్లు మండేది.

మధ్యాహ్నం కాకముందే మరిది ఊడిపడ్డాడు. కారు ఇంకా ఆగకుండానే దిగినట్టున్నాడు, ఊపిరి ఆడడం లేదు, నవ్వు ఆగడం లేదు.

"వదినా, కొట్టేశాం! కొత్తగా కడుతున్న పెద్దాసుపత్రి. నాలుగువందల ఎనభై కుర్చీలు. ఇరవయ్యో తారీకు కల్లా గుమ్మంలో దించుతానని చెప్పొచ్చా."

"ఏ నెల ఇరవై?"

"ఇంకే నెల? ఈ నెలే."

చెకింగమ్మ చేతిలో పెన్ను కింద పెట్టింది. కుర్చీలు కట్టడానికి ఇబ్బంది లేదు. చట్రాలు షెడ్డు నిండా పేరుకుని ఉన్నాయి, భర్త మనుషులు పాతికమంది, వాళ్లు పది రోజుల్లో బిగించేస్తారు. చిక్కంతా తన గదిలోనే. ఒక కుర్చీకి అతుకులు, చక్రాలు, బ్రేకులు మూడూ చూడాలంటే మనిషికి రెండు గంటలు పడుతుంది. అంటే రోజుకి మనిషికి నాలుగు కుర్చీలు. ఆమె దగ్గరున్నది నలుగురు: నిదానం, ఒక పొడుగాయన, ఇద్దరు అక్కచెల్లెళ్లు. రోజుకి పదహారు. నాలుగువందల ఎనభైకి నెల రోజులు.

"చేతిలో ఉన్నవి పది పనిరోజులు. నెల పని పది రోజుల్లో ఎవరు చేస్తారయ్యా?"

"అదేంటి వదినా, నేను లెక్క చూసుకునే ఒప్పుకున్నా," అంటూ మరిది సంచిలోంచి కాగితం తీశాడు. కస్టమరుకు మాటిచ్చేముందు మనుషులు ఎందరు, యంత్రాలు ఎన్ని, రోజులు ఎన్ని అని రాసి ముగ్గురూ సంతకాలు చేసే ఫారం అది. వర్క్‌షాపు నాణ్యత నియమాల పుస్తకంలో అలా చేయాలని రాసుంది, ప్రతిసారీ చేస్తారు కూడా. "ఇదిగో, తనిఖీకి పన్నెండు మంది. మనిషికి నాలుగు చొప్పున రోజుకి నలభై ఎనిమిది. పది రోజులకి సరిగ్గా నాలుగువందల ఎనభై. లెక్క ఒక్క కుర్చీ అటూ ఇటూ కాలేదు!"

"ఎవరయ్యా ఆ పన్నెండు మంది?"

"నీ బోర్డు మీద ఉన్నవాళ్లే."

"నా బోర్డు మీద నలుగురున్నారు."

"చుక్కలు పన్నెండు ఉన్నాయిగా?"

చెకింగమ్మ తల తిప్పి గోడకేసి చూసింది. ఆ బోర్డు ఆమె ప్రాణం. ఎడమ పక్కన నలుగురి పేర్లు, పైన మూడు పనులు. ఎవరికి ఏ పని పూర్తిగా వచ్చిందో ఆ గడిలో ఒక పచ్చ చుక్క. రెండేళ్ల కిందట దానిమీద ఉన్నవి నాలుగే చుక్కలు. పొడుగాయనకి జలుబు చేస్తే చక్రాలు ఆగిపోయేవి, నిదానం నాగా పెడితే బ్రేకులు ఆగిపోయేవి. అప్పుడు ఆమె కూర్చుని ఒకరి పని ఒకరికి నేర్పించింది. ఒక్కో చుక్కకి మూడు నెలలు పట్టింది. చెల్లెలికి అతుకులు చూడడం నేర్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి పన్నెండు గడులూ పచ్చబడ్డాయి. తనిఖీకి వచ్చిన ఆడిటరు దాన్ని ఫోటో తీసుకుని, ఇలాంటిది పెద్ద కంపెనీల్లో కూడా చూడలేదమ్మా అన్నాడు. ఆ మాట ఆమె ఇంట్లో కనీసం నాలుగుసార్లు చెప్పింది. మరిది చెవిన కూడా వేసింది. వేయకపోయినా బాగుండేది.

"చుక్క అంటే పని వచ్చని. మనిషి ఉన్నాడని కాదు," అంది, పళ్లు బిగించి. "నిదానం బాబాయికి మూడు పనులు వస్తే ముగ్గురు నిదానాలు అవుతారా? బ్రేకు చూస్తూ అదే సమయంలో చక్రం కూడా చూస్తాడా ఆయన?"

మరిది బోర్డుకేసి చూశాడు, కాగితంకేసి చూశాడు, మళ్లీ బోర్డుకేసి చూశాడు. నవ్వు మెల్లగా దిగిపోయింది. తర్వాత కాగితం అడుగున వేలు పెట్టి చూపించాడు.

"సంతకం నీదే కదా వదినా."

నిజమే, తనదే. గీత కాస్త వంకరగా ఉంది. అది ఎప్పుడు పెట్టిందో కూడా గుర్తొచ్చింది. పోయిన మంగళవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర పెట్టింది. ముగ్గురూ ఒకచోట దొరికేది ఆ ముప్పావుగంటే కాబట్టి ఆ ఇంట్లో సంతకాలన్నీ కంచాల పక్కనే జరుగుతాయి. కుడిచేత్తో అన్నం కలుపుతూ ఎడమచేత్తో గీసేసింది. ముగ్గురూ కలిసి కూర్చుని సమీక్షించి సంతకం చేయాలని పుస్తకంలో ఉంది. కలిసి కూర్చున్న మాట నిజం, సమీక్షించింది మాత్రం కూరలో ఉప్పు.

ఆమెకి అరవాలనిపించింది. మరిది మీద అరవాలా, తన ఎడమచేతి మీద అరవాలా తేలలేదు.

"ఆసుపత్రివాళ్లకి ఫోన్ చేసి చెప్పు. పొరపాటు పడ్డాం, నెల పడుతుందని చెప్పు."

"పరువు పోతుంది వదినా! మొట్టమొదటి ఆర్డరు. ఇచ్చిన మాట తిరగేస్తే మళ్లీ గడప తొక్కనిస్తారా? ఏదో ఒకటి చేద్దాం. నువ్వు తలుచుకుంటే ఎందుకు కాదు?"

నువ్వు తలుచుకుంటే. ఈ మాటతో ఆ ఇంట్లో పాతికేళ్లుగా ఎన్ని పనులు ఆమె మీద పడ్డాయో ఎవరూ లెక్కరాయలేదు.

భోజనాల దగ్గర పంచాయితీ పెట్టింది. అత్తగారు విని, "వాడేదో తెలియక చేశాడు, ఇంట్లోవాళ్లం సర్దుకోకపోతే ఎవరు సర్దుకుంటారు?" అంది. సర్దుకోవడం అనే మాట వచ్చినప్పుడు ఆవిడ చూపు ఎప్పుడూ కోడలి మీదే ఉంటుంది. భర్త మజ్జిగ గ్లాసు దించి, "చూద్దాం," అన్నాడు.

"ఏం చూస్తారండీ? రోజుకి పదహారు. రాసివ్వమంటే రాసిస్తా."

"ఓవర్‌టైం చేయిస్తే ఇరవై నాలుగు అవుతాయేమో. చూద్దాం."

"ఇరవై నాలుగు అయినా సగమే!"

"పోనీ, ప్రతి కుర్చీ చూడాలా వదినా?" మరిది అన్నం మెతుకులు లెక్కపెడుతున్నట్టు కంచంలోకే చూస్తూ అన్నాడు. "పదింటికి ఒకటి చూస్తే..."

"మిగతా తొమ్మిదింట్లో కూర్చునేది మనుషులు కాదా? ఆర్డరులో ప్రతి కుర్చీ అని రాసుంది. నువ్వే రాయించుకొచ్చావు."

అక్కడితో ఆ మాట ఆగింది. అయితే ఇరవయ్యో తారీకు మాత్రం ఆగలేదు. ఫోన్ చేయనని మరిది భీష్మించుకు కూర్చున్నాడు. కస్టమరు నాది, క్వాలిటీ నీది, ఎవరి గీతలో వాళ్లుందాం అన్నాడు. ఆమె కూడా సరే అంది. ఆ సరేలో ఎంత విషం ఉందో ఆమెకే తెలుసు. చేసి చూపిస్తాను, అవదని నీ కళ్లతోనే నువ్వు చూస్తావు, ఇరవయ్యో తారీకు లారీ సగం ఖాళీగా వెళ్తుంటే అప్పుడు పడుదువుగాని కాళ్ల మీద. ఇదీ ఆమె మనసులో మాట.

పనైతే మొదలైంది. ఉదయం ఏడింటికి గది తెరిచేవాళ్లు, సాయంత్రం ఏడున్నరకి మూసేవాళ్లు. షెడ్డులోంచి కుర్చీలు తోసుకొచ్చి వరండాలో వదిలేవాళ్లు, వరండా నిండితే మెట్ల కింద, మెట్ల కింద నిండితే వీధి వాకిట్లో. అత్తగారు కిందికి దిగాలంటే కుర్చీల మధ్య దారి వెతుక్కోవాల్సి వచ్చేది. నడవలేనివాళ్ల కోసం చేసిన కుర్చీలు నడిచేవాళ్ల కాళ్లకి అడ్డం పడ్డాయి. అక్కచెల్లెళ్లు మొదటి రెండు రోజులూ కబుర్లు చెప్పుకుంటూ చేశారు, మూడో రోజు నుంచి ఒకరితో ఒకరు మాట్లాడడం మానేశారు. పొడుగాయన వంగీ వంగీ నడుం పట్టేసి, చక్రాలు తిప్పేటప్పుడు నేలమీద పడుకునే చూసేవాడు. నిదానం మాత్రం అదే నిదానం. ఆయన ఏటవాలు దగ్గర కుర్చీల వరుస పెరుగుతుంటే మరిది వచ్చి, "కాస్త మూడు నిమిషాలకి కానిచ్చేయరాదూ?" అన్నాడు. నిదానం గడియారం మీంచి కళ్లు ఎత్తకుండా, "మూడు నిమిషాలు ఆగి నాలుగో నిమిషంలో జారినవి ఈ ఏడాది పదకొండు బాబూ," అన్నాడు.

పదకొండో తారీకు సాయంత్రం మరిది కొత్త కాగితం పట్టుకొచ్చాడు. రోజువారీ ఎన్ని అయ్యాయో, ఎన్ని వెనకబడ్డాయో గీతలు గీశాడు. ఎర్ర గీత కిందికి జారిపోతోంది.

"పన్నెండు సాయంత్రం నుంచి నిదానం సెలవని రాసుంది. ఇదేంటి వదినా?"

"కూతురు దుకాణం తెరుస్తోంది. మాటిచ్చాను."

"ఆయన ఒక్కడు పోతే మూడు చుక్కలు పోతాయి."

ఇంకా చుక్కలేనా! చెకింగమ్మకి చేతికందిన స్పానరు విసిరేయాలనిపించింది. మరిది మాత్రం మెత్తగానే, ఎంతో న్యాయంగా మాట్లాడుతున్నట్టు, "నీ ఇష్టం. నేను కాదనను. కానీ రేపు ఆలస్యమైతే ఎందుకైందని అందరూ అడుగుతారు. పని నెత్తిమీదుంటే సెలవు ఎవరిచ్చారని అడుగుతారు. నేనేం చెప్పను?" అన్నాడు.

ఆ మాట సూటిగా తగలాల్సిన చోట తగిలింది. నిజానికి ఒక్క రోజుకి ఆరు కుర్చీలు తగ్గితే మునిగేదేమీ లేదు, ఎలాగూ సగమే అవుతాయి. అది ఆమెకి తెలుసు. తెలిసీ, రేపు తప్పు తన మీదికి రాకూడదనుకుంది. తన వైపు చిన్న మచ్చ కూడా ఉండకూడదు, మొత్తం అతని నెత్తినే పడాలి. అందుకోసం తన వైపు అందర్నీ నిలబెట్టి ఉంచాలి. నిదానంతో సహా.

ఆయన ఏటవాలు కడుగుతుంటే వెళ్లి చెప్పింది. చెప్పేటప్పుడు ఆయన మొహం చూడలేదు, చీపురు చూసింది.

"బాబాయి, ఈసారికి... ఎలా చెప్పాలో తెలియడం లేదు. పని మీరే చూస్తున్నారుగా. ఇరవై దాటాక వారం రోజులు వెళ్లిరండి, నేను పంపిస్తా."

నిదానం నీళ్లు పోయడం ఆపాడు. ఏదో అంటాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

"ఆసుపత్రివాళ్లకి అంత అవసరమా అమ్మా?"

"ఇరవైకల్లా కావాలట."

"పాపం, రోగులు కదా," అన్నాడాయన. "సరేనమ్మా." మళ్లీ నీళ్లు పోయడం మొదలుపెట్టాడు.

పదమూడో తారీకు ఉదయం పది గంటలకి ఆయన ఏటవాలు దగ్గరే ఉన్నాడు. చెకింగమ్మ తన గది కిటికీ అద్దంలోంచి చూస్తూనే ఉంది. ఆయన జేబులోంచి ఫోను తీసి, చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. ఇసుక మూట ఎత్తి కుర్చీలో పెట్టాడు. ఆ రోజు ఆయన చూసిన కుర్చీలు ఆరు. ఆ ఆరూ ఆమె గొంతులో అడ్డం పడ్డాయి. మధ్యాహ్నం అన్నం సహించలేదు. ఏమైందని భర్త అడిగితే, "ఏమీ కాలేదు, మీరు చూస్తూ ఉండండి," అని గయ్యిమంది. ఆయన చూస్తూనే ఉండిపోయాడు.

పదహారో తారీకు కథ అడ్డం తిరిగింది. అక్కచెల్లెళ్లలో అక్కగారు చూసి, బాగుందని పచ్చ చీటీ తగిలించిన కుర్చీని చెకింగమ్మ ఊరికే చేత్తో ఊపి చూసింది. కుడి చేతిపిడి కింద అతుకు పగిలి, సన్నని గీత కనిపిస్తోంది. పన్నెండేళ్లలో అక్కగారి కంటి నుంచి అలాంటిది ఒక్కటీ తప్పించుకోలేదు. పిలిచి చూపిస్తే ఆ మనిషి గీతని చూసి, చెకింగమ్మని చూసి, ఏడ్చేసింది. తప్పు పట్టుబడినందుకు కాదు, నిద్రలేక ఏడ్చింది. ఆమె కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి.

అప్పటికి అయినవి నూట డెబ్బై. ఇంకా మూడు వందల పది ఉన్నాయి, రోజులేమో మూడున్నర. చెకింగమ్మ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఆర్డరు కాగితం తీసి, అడుగున ఉన్న నంబరు చూసింది. గీత దాటుతున్నానని తెలుసు. అత్తగారు ఏమంటుందో కూడా తెలుసు. నొక్కేసింది.

ఎత్తింది ఆసుపత్రి స్టోర్సు చూసే ఆఫీసరమ్మ. గొంతు అలసిపోయి ఉంది. వెనకాల ఎవరో గోడకి మేకులు కొడుతున్నారు.

"చక్రాల కుర్చీల వర్క్‌షాపు నుంచండీ. తనిఖీ చూసేది నేనే. ఒక విషయం చెప్పాలి. మీ ఇరవయ్యో తారీకుకి మేం మొత్తం ఇవ్వలేం. సగం కూడా కష్టమే. తప్పు మాదే. చూడకుండా పంపమంటే మాత్రం పంపలేను."

అటువైపు ఆఫీసరమ్మ మేకులు కొట్టేవాళ్లని ఆగమంది.

"మా ఇరవయ్యో తారీకు ఏంటండీ? అది మీదే కదా!"

"అంటే?"

"ఎప్పటికి ఇవ్వగలరని మీ తరఫున ఆర్డరుకి వచ్చినాయన్ని అడిగాను. ఆయన ఏదో కాగితం తీసి, లెక్కచూసి, ఇరవై అన్నారు. నేను రాసుకున్నా. అంత తొందరగా తెచ్చి దించుతామంటే ఎక్కడ పెట్టించాలో తెలియక తల పట్టుకుని కూర్చున్నానండీ నేను. వార్డుల్లో ఇంకా రంగులే ఆరలేదు. మేం తెరిచేది వచ్చే నెల ఆఖరుకి. అప్పటికి అరవై ఉంటే చాలు, మిగతావి ఒక్కో అంతస్తు తెరిచేకొద్దీ తీసుకుంటాం. మెల్లగా ఇవ్వండి బాబూ, మీకు పుణ్యం ఉంటుంది!"

చెకింగమ్మ ఏమందో ఆమెకే గుర్తులేదు. థాంక్సని చెప్పినట్టుంది. ఫోను పెట్టేసి చూస్తే మాట్లాడింది నాలుగు నిమిషాలు. నిదానం బ్రేకు చూసేపాటి కూడా కాదు.

ఎవరూ అడగని తారీకు. దానికోసం ఎనిమిది రోజులుగా ఇంటిల్లిపాదీ, వర్క్‌షాపు మొత్తం పరుగులు పెట్టింది. కస్టమరుకి ఏం కావాలో కనుక్కోవాలని పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది, ఆమే పనివాళ్లకి చదివి వినిపించింది. ఎప్పుడు కావాలండీ అని మాత్రం ఎవరూ అడగలేదు.

మరిది వరండాలోనే దొరికాడు. విషయం విని, మొహం మతాబులా వెలిగించి, "ఇంకేం వదినా, గండం గడిచిందిగా! నేనే అడిగుండాల్సింది, తట్టలేదు," అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడంటే, నాలుగు తగిలించాలన్న కోపం కూడా ఆమె చేతుల్లోకి రాకుండా ఎక్కడో ఇంకిపోయింది. అతనికి తట్టలేదు. నిజమే, తట్టే మనిషి కాదు. కానీ తనకి? తనకి మొదటి రోజే తట్టింది. ఫోన్ చేయమని తనే అంది కూడా. అతను చేయనన్నప్పుడు ఆ నాలుగు నిమిషాలు తను మాట్లాడి ఉండొచ్చు. ఎవరో గీసిపోయిన గీత కాళ్లకి అడ్డం పడిందని చెప్పుకోవచ్చు గానీ, ఆమెకి తన సంగతి తెలుసు. మరిది బోర్లా పడితే చూడాలని కూర్చుంది. ఆ వేడుక కోసమే ఫోను ముట్టలేదు.

ఏటవాలు దగ్గరికి వెళ్లింది. నిదానం గడియారం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె వచ్చిందని తెలిసినా తల తిప్పలేదు, ఐదు నిమిషాలు కావాలి కదా. ఆమె కూడా పక్కన నిలబడింది. ఆ కుర్చీ జారితే బాగుండు, ఏదో ఒకటి జరిగితే బాగుండు, ఈ మాట చెప్పే పని తప్పిపోతే బాగుండు అనిపించింది. కుర్చీ జారలేదు. ఆయన చీటీ మీద టిక్కు పెట్టాడు.

"చెప్పమ్మా."

చెప్పింది. దాచకుండా చెప్పింది. తొందర లేదని, ఎవరూ ఇరవై అడగలేదని, మొదటి రోజే కనుక్కోగలిగి కూడా కనుక్కోలేదని, ఎందుకు కనుక్కోలేదో అది కూడా చెప్పింది.

"మీరు ఇప్పుడే బయల్దేరండి బాబాయి. ఎన్ని రోజులు కావాలంటే అన్ని రోజులు ఉండిరండి. అమ్మాయితో నేను మాట్లాడతా. తప్పు నాదని చెప్తా. మీకోసం ఎంత ఎదురుచూసి ఉంటుందో..."

"లేదమ్మా, ఎదురుచూడలేదు," అన్నాడు నిదానం. కోపంగా అనలేదు. కుర్చీలోంచి ఇసుక మూట దించి కింద పెట్టి, నడుం మీద చేయి వేసుకున్నాడు. "పదమూడు సాయంత్రం ఫోన్ చేశా. బాగా జరిగింది నాన్నా అంది. వచ్చినవాళ్ల కోసం ఇరవై కుర్చీలు అద్దెకి తెచ్చిందట, సరిగ్గా ఇరవై మందీ వచ్చారట. ఒకటి ఎక్కువా కాలేదు, ఒకటి తక్కువా కాలేదు. మరి నా కుర్చీ ఖాళీగా ఉండిపోయిందేమోనమ్మా అని అడిగా."

ఆయన ఇంకో కుర్చీ లాగి ఏటవాలు మీద నిలబెట్టి, బ్రేకు నొక్కాడు.

"నీకు వేయలేదు నాన్నా అంది. నువ్వు రావని నాకు తెలుసుగా, లెక్కలో కలపలేదు అంది."